వీపు మీద బాంబు బొమ్మలు

ఇసోగాయ్ టెట్సుయా జపాన్‌లోని హిమేజీ ఊళ్ళో సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీలో ఉన్నంతసేపూ నీలం యూనిఫారం, తెల్ల గ్లౌజులు. బస్సు దిగాడంటే మాత్రం ఒంటిమీదికి తోలు జాకెట్ ఎక్కాల్సిందే. ఏ తోలు పడితే అది కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా విమానాలవాళ్ళు తొడుక్కున్న జాకెట్లకి అచ్చంగా దింపిన నకళ్ళు. గుర్రం తోలు, ఆనాటి కొలతలు, ఆనాటి రకం దారం. పైనున్న నల్లరంగు అరిగేకొద్దీ లోపలి గోధుమరంగు బయటపడుతుంది. అలా అరగడమే అందం అంటాడు ఇసోగాయ్. మోచేతుల దగ్గర ముడతలు తన చేతులకి తగ్గట్టు పడాలని, ఒకసారి కొత్త జాకెట్ తొడుక్కునే వేన్నీళ్ళ తొట్టిలోకి దిగాడు. అది ఒంటిమీదే ఆరేదాకా ఇల్లంతా కిర్రుకిర్రుమంటూ తిరిగాడు.

"ఇంట్లో గుర్రాన్ని కట్టేసినట్టుంది. సాయంత్రం వచ్చేటప్పుడు గడ్డి కూడా పట్టుకురండి," అంది భార్య మినాకో. అలా సణుగుతూనే, జాకెట్ చేతుల చివర పురుగు కొట్టిన ఉన్ని పట్టీలని తనే కూర్చుని మళ్ళీ అల్లి పెట్టింది.

సెలవు దొరికే గురువారం సాయంత్రాలు అతను ఫుసా బామ్మ ఓదెన్ కొట్టుకి వెళ్ళేవాడు. పెళ్ళికాక ముందు నుంచీ అదే అలవాటు. బల్ల ఇవతల నాలుగు స్టూళ్ళు, అవతల పెద్ద గిన్నె. ముల్లంగి చక్రాలు, గుడ్లు, చేప ముద్దలు అందులో సన్నగా ఉడుకుతూ ఉంటాయి. బామ్మ వాటిని తీసి, పైన అల్లం కలిపిన సోయా పోసి ఇస్తుంది. డెబ్భై దాటినా నోరు మాత్రం పదునే.

"ఇవాళ విమానం ఎక్కడ దింపొచ్చావు?" అనేది అతను తెర ఎత్తి లోపలికి రాగానే.

"స్టేషను దగ్గర ఆపొచ్చాను బామ్మా, చలానా రాయకముందే తినేసి పోవాలి."

ఆ చలికాలం అతనికి కొత్త జాకెట్ వచ్చింది. కోబెలో ఒకావిడ చేత దాని వెనక బొమ్మ వేయించాడు. వీపు నిండా నాలుగు ఇంజన్ల విమానం, దాని కింద వరసలు వరసలుగా పసుప్పచ్చ గుర్తులు. పాత ఫొటో చూసి ఉన్నదున్నట్టు దింపింది. బామ్మకే ముందు చూపించాలని నేరుగా కొట్టుకి వచ్చాడు. చేతులు బారచాపి వెనక్కి తిరిగాడు.

"ఎలా ఉంది బామ్మా?"

"బాగానే ఉందిగానీ, ఆ పసుప్పచ్చ మొగ్గలేంట్రా?"

"మొగ్గలు కాదు బామ్మా, బాంబులు. వెళ్ళి వేసొచ్చిన ప్రతిసారీ ఒక్కో బొమ్మ వేయించుకునేవాళ్ళు. ఈ పెద్ద విమానాల వాళ్ళయితే..."

వెనక గరిటె చప్పుడు ఆగిపోయింది. ఇసోగాయ్ ఇటు తిరిగాడు. బామ్మ గిన్నెలోకే చూస్తోంది.

"ఎక్కడికి వెళ్ళి?" అంది.

అతను బారచాపిన చేతులు దించేశాడు.

"అయితే అందులో ఒకటి మాదే అయ్యుంటుందిలే," అని, ఒక గుడ్డు తీసి అతని పళ్ళెంలో వేసింది.

కోప్పడినా బాగుండేది. తిన్నదేదో రుచి తెలియలేదతనికి. ఆ విమానాలు వేసిన బాంబులకి ఊరు కాలిపోయిన సంగతి బడిలో చదువుకున్నాడు. జాకెట్‌లో ఏ కుట్టు ఎందుకు వేశారో చెప్పగలడు. బామ్మ అప్పటికి ఎంతుంటుందో, ఎక్కడ ఉందో, ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

ఇంటికొచ్చి ఆ జాకెట్‌ని గుడ్డలో చుట్టి అలమరలో అడుగున పెట్టాడు. తర్వాతి గురువారం వెళ్ళలేదు. ఆ తర్వాతా వెళ్ళలేదు.

"తప్పయిందని తెలిస్తే వెళ్ళి కనబడాలి. ఇలా దాక్కుంటే ఆవిడేమనుకుంటుంది?" అంది మినాకో.

"ఏమని చెప్పను?"

"ఏం చెప్పకండి. వెళ్ళి తినండి."

అయినా కాళ్ళు కదలలేదు.

ఒక మధ్యాహ్నం కూరల సంచీతో బామ్మే అతని బస్సెక్కింది. సరిగ్గా అతని వెనక సీట్లో కూర్చుంది. నడుస్తున్న బస్సులో డ్రైవరుతో మాట్లాడకూడదు కాబట్టి ఆవిడా మాట్లాడలేదు, అతనూ వెనక్కి చూడలేదు. మెడ మీద మాత్రం ఆవిడ చూపు తగులుతూనే ఉంది. స్టేషను దగ్గర అందరూ దిగేదాకా ఆగి, లేచి పక్కకొచ్చింది.

"ఏం, నా ముల్లంగి ఉడకట్లేదా?"

"అదేం లేదు బామ్మా. మొహం చెల్లక రాలేదు."

"నీ మొహం ఎవడు చూడొచ్చాడు? గురువారం రా. ఆ కోటు వేసుకునే రా."

గురువారం కోటు చేత్తో పట్టుకుని వెళ్ళాడు. తొడుక్కోడానికి మనసొప్పలేదు. బామ్మ తడిచేతులు తుడుచుకుని దాన్ని బల్లమీద పరిచింది. కాలర్ తడిమింది. చేతుల చివరి పట్టీలు లాగి చూసింది.

"ఈ ఉన్ని ఎందుకు?"

"గాలి దూరకుండా బామ్మా. అంత ఎత్తున చలి కొరికేస్తుంది."

"ఎంతెంత వయసువాళ్ళు?"

"ఎక్కువమంది ఇరవై, ఇరవై రెండు."

బామ్మ ఉన్నట్టుండి జాకెట్ తీసి తనే తొడుక్కుంది. చేతులు లోపలెక్కడో ఉండిపోయాయి. అంచు తొడల దాకా దిగింది. పక్క స్టూలు మీది చేపల కొట్టాయన నవ్వాపుకోలేక దగ్గాడు.

"నవ్వితే నవ్వు, తాగేది మీద పోసుకోకు," అందావిడ. తనూ నవ్వింది. తర్వాత భుజాలు కదిపి, "బరువే," అంది.

అప్పుడు చెప్పింది. బాంబులు పడిన ఆ రాత్రి అమ్మ తడిపిన బొంత నెత్తిన కప్పి తనని ఏట్లోకి లాక్కుపోయిందట. అద్దకం కొట్టు వదిలి రానన్న తాతయ్య రానేలేదు. తెల్లారి చూస్తే ఊరు లేదు, విమానాలకి కనబడకుండా నల్లవలలు కప్పిన మా ఊరి కోట మాత్రం నిలబడి ఉంది.

"పైనున్నవాళ్ళకి చలేస్తుందని నేనెప్పుడూ అనుకోలేదురా," అంది. "అలాగని మాఫీ చేశాననుకోకు. తెలీదు, అంతే."

"ఆ బాంబులు చెరిపించేస్తాను బామ్మా."

"చెరిపితే పడనట్టా? ఉండనీ. నా కొట్లో మాత్రం వీపు గోడకి ఆనించి కూర్చో."

ఆ రోజు నుంచి గోడవార స్టూలు అతనిదయింది. ఇంకెవరైనా దానిమీద కూర్చుంటే బామ్మ లేపేసేది, "అది మా పైలట్‌ది," అని.

జూలై వచ్చాక, బాంబులకి పోయినవాళ్ళ పేరున నిలిపిన రాతి దగ్గరికి తోడు రమ్మంది బామ్మ. మినాకో, అతనూ ఇద్దరూ వెళ్ళారు. ఇసోగాయ్ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. బామ్మ అతని మోచెయ్యి పట్టుకుని మెట్లెక్కింది. పువ్వులు పెట్టి, తాతయ్య పేరు పైకే పలికింది. తాతయ్య చేతులెప్పుడూ అద్దకం నీలిరంగులో ఉండేవనీ, పాలిచ్చినా గ్లాసు మీద నీలం వేళ్ళు పడేవనీ చెప్పింది. ఇసోగాయ్ ఈసారి అన్నీ అడిగాడు. కొట్టు ఏ వీధిలో ఉండేది, తాతయ్య ఆవిణ్ణి ఏమని పిలిచేవాడు, పాటలు పాడేవాడా. అడిగినవన్నీ చెబుతూ ఆవిడ నెమ్మదిగా మెట్లు దిగింది. ఎండకి ముగ్గురికీ నాలుక పిడచకట్టుకుపోయింది. దారిలో మంచుతురుము కొట్టు కనిపిస్తే, ముగ్గురూ నీడలో కూర్చుని మూడు గిన్నెలు తెమ్మని చెప్పారు.