మెడ మీది నీలి మరక

నార్తాంప్టన్ బయట ఒక పాత రాతి క్వారీలో మా రైఫిల్ క్లబ్బు ఉండేది. నేను అందులో పూర్తి సభ్యుడినై రెండేళ్లయినా నాకు టీ ఇచ్చే మగ్గు మీద 'విజిటర్' అనే రాసి ఉండేది. మిగతావాళ్ల మగ్గులు పేర్లతో సహా కొక్కేలకు వేలాడేవి. ఒక కొక్కెం ఖాళీగా ఉందని ఒకసారి గుర్తు చేశాను. "అది పోయినాయనది" అన్నాడు ఛైర్మన్. ఆయన పోయి ఎన్నాళ్లయిందని అడిగితే నా విజిటర్ మగ్గు నింపి చేతికిచ్చాడు. ఇంటికి వచ్చి డైరీలో రాసుకున్నాను. ఇలాంటివి రాసుకోవడం నాకు అలవాటు. రాయకపోతే కొన్నాళ్లకు, అలా జరగనే లేదని ఎదుటివాళ్లు మనల్నే నమ్మిస్తారు.

ఆ క్లబ్బులో నాతో తనంతట తాను మాట్లాడింది ఒక్క ముసలాయనే. బూట్ల ఫ్యాక్టరీలో కుట్టు మెషీన్లు బాగుచేసి రిటైరైనవాడు. భార్య పోయింది. క్లబ్బు తుపాకుల మరమ్మతు ఆయన పని, ఆర్మరర్ అని పిలిచేవారు. క్లబ్బు వెనకున్న చిన్న వర్క్‌షాపు తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. కాల్పుల రేంజి మూసిన రోజుల్లో కూడా పొద్దున పదింటికి వచ్చి ఆ తలుపు తీసేవాడు. ఇంకెక్కడికీ పోవడానికి లేదని ఒకసారి తనే చెప్పాడు.

మొదటి రోజే నన్ను 'మి డక్' అన్నాడు. ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను, ఒక ముసలాయన నన్ను బాతు అన్నాడని. ఆమె హాస్పిటల్లో నర్సు.

"ఇక్కడోళ్లు అందర్నీ ప్రేమతోని గట్లనే అంటరు. మా వార్డుల పేషెంట్లు నన్ను దినాం ఇరవై సార్లు బాతును చేస్తరు. నువ్వొక్కనివే అనుకున్నవా బాతువు?" అని నవ్వింది.

అయినా ఆ ముసలాయన ఛైర్మన్‌ను 'డక్' అనడం నేను ఎప్పుడూ వినలేదు. ఆయన్ని 'సర్' అనేవాడు. అది కూడా రాసుకున్నాను.

ఆయన రైఫిల్ పేల్చే తూటా ఏ దుకాణంలోనూ దొరకదు. అలాంటివాటిని వైల్డ్‌క్యాట్ అంటారు. మామూలు తూటాకు ఇత్తడి కేసు సీసాలా ఉంటుంది: కింద ఒళ్లు, పైన వాలుగా భుజం, ఆపైన బుల్లెట్‌ను పట్టుకునే సన్నటి మెడ. తూటా కూర్చునే ఛాంబర్‌ను రీమర్ అనే కోత పనిముట్టుతో కొంచెం వెడల్పుగా, భుజం దగ్గర నిటారుగా కోస్తే, అందులో మామూలు తూటాను పేల్చగానే ఆ ఇత్తడి ఉబ్బి కొత్త ఛాంబర్ ఆకారానికి వచ్చేస్తుంది. వాలు భుజంతో లోపలికి పోయిన కేసు నిటారు భుజంతో బయటికొస్తుంది. దాన్ని 'ఇంప్రూవ్డ్' అంటారు. తుపాకీ మందు కొంచెం ఎక్కువ పడుతుంది. కేసు కూడా త్వరగా సాగిపోదు.

నాకూ అలాంటిది కావాలనిపించింది. "కొనుక్కొచ్చిన తూటా పేల్చడం ఎవరికైనా వస్తుంది" అని ఒక సభ్యుడు నా వైపు చూడకుండా నాకు వినిపించేలా అన్నాడు. పోలీసులకు రాసి తుపాకీ సర్టిఫికెట్‌లో మార్పు చేయించుకున్నాను. ముసలాయన తన రీమర్ అరువిస్తే గన్‌స్మిత్ ఛాంబర్ కోసి, పేలుడు ఒత్తిడికి తట్టుకుంటుందో లేదో చూసే ప్రూఫ్ పరీక్షకు పంపి తెచ్చాడు. ఆ ఎండాకాలమంతా వారాంతాల్లో ఒక్కొక్కటిగా వంద కేసులు కాల్చి సాగదీశాను. బోల్టు లాగగానే మొదటి కేసు వేడిగా అరచేతిలో పడినప్పుడు దాని భుజం మీద గోరు పెట్టి చూశాను. కత్తి అంచులా ఉంది. ముసలాయన కూడా తన గోరు పెట్టి చూశాడు. "నీది మంచి ఇత్తడి, మి డక్" అన్నాడు.

తర్వాత లోడ్, అంటే సరిగ్గా కుదిరే మందు తూకం, వెతకడం. తూచిన మందును వెంట్రుకవాసి చొప్పున పెంచుకుంటూ, ఒక్కో తూకానికి ఐదు తూటాలు. పేల్చాక కేసు అడుగున నిప్పు రాజేసే ప్రైమర్ చదునైందేమో, బోల్టు బిగుసుకుందేమో చూసుకోవాలి. ఆశ పడితే రైఫిల్ మొహం మీదే పేలుతుంది. సెప్టెంబరుకు ఒక తూకం దగ్గర ఆగాను. ఐదు రంధ్రాలూ మా ఆవిడ బొట్టుబిళ్ల కింద దాగేవి. ఆ కాగితం ఇప్పటికీ ఉంది.

ఇన్నిసార్లు సాగిన ఇత్తడి మెడ దగ్గర గట్టిపడుతుంది. మంట చూపించి మెత్తబరచకపోతే చీలుతుంది. అది చేయి తిరిగినవాళ్ల పని. మంట ఒక్క క్షణం ఎక్కువైనా కేసు పనికిరాదు. "నేను చేసిపెడతాలే, ఊరికే" అన్నాడు ముసలాయన. ఊరికే అన్న మాట నాకు ఎప్పుడూ నచ్చదు. నావీ ఆయనవీ ఒకే రీమర్ కోసిన ఛాంబర్లలోంచి వచ్చిన కేసులు. అడుగున ఒకే కంపెనీ ముద్ర. పక్కపక్కన పెడితే ఏవి ఎవరివో చెప్పలేం. ఆయనవి ఎన్నో ఏళ్లుగా పేలుతున్నవి, నావి కొత్తవి. అయినా ఇచ్చాను.

ఒక ఆదివారం వాటిని ఐస్‌క్రీమ్ డబ్బాలో పెట్టి కారు కిటికీలోంచి అందించాడు.

"తెరిచి చూసుకో, మి డక్."

వాన పడుతోంది. మర్నాడు పొద్దున్నే ఆఫీసు పని మీద వారం రోజులు బేసింగ్‌స్టోక్ వెళ్లాలి. చూడలేదు. డబ్బాను వాషింగ్ మెషీన్ మీద పెట్టి వెళ్లిపోయాను. అప్పుడు మా అత్తగారు కరీంనగర్ నుంచి వచ్చి మాతోనే ఉన్నారు. దీపావళి దగ్గరపడిందని ఇల్లంతా దులుపుతున్నారు. శుక్రవారం తిరిగొచ్చేసరికి పచ్చిపులుసు లేదు, చింతపండు ప్యాకెట్ అయిపోయిందన్నారు. పప్పుతో తిని డబ్బా తెరిచాను.

మంట తగిలిన ఇత్తడికి మెడ చుట్టూ నీలి మరక పడుతుంది. ముసలాయన బల్ల మీద ఆయన కేసులకు ఆ మరక ఎన్నోసార్లు చూశాను. నా వంద కేసుల్లో ఒక్కదానికీ లేదు. పైగా రంగు మారింది. పసుపు పోయి గులాబీ ఛాయ వచ్చింది. ఇవి నావి కావని ఆ క్షణమే అనిపించింది.

ఆ తర్వాతి ఆదివారం క్లబ్బు పోటీ. అదే తూకం, అదే బుల్లెట్. బొట్టుబిళ్ల కింద దాగిన రంధ్రాలు అరచెయ్యంత పరుచుకున్నాయి. "ఇదేనా మీ గొప్ప తూటా?" అన్నాడు ఛైర్మన్. పక్కనున్నవాళ్లు నవ్వారు. ముసలాయన నవ్వలేదు. నవ్వకపోవడం కూడా నాకు సాక్ష్యంలాగే కనిపించింది.

కమిటీకి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. మంట చూపించకుండానే చూపించానని చెప్పాడని, నా కొత్త కేసులు ఉంచుకుని తన పాతవి ఇచ్చాడని రాశాను. 'నీది మంచి ఇత్తడి' అన్న మాటను తేదీతో సహా రాశాను.

మీటింగ్‌లో ఆయన కోటు విప్పకుండా కూర్చున్నాడు. ఉత్తరం చదవడం అయ్యాక, "నేను మంట చూపించాను. తిరిగి ఇచ్చాను. తెరిచి చూసుకోమన్నాను" అన్నాడు. అంతే. విచారణ అయ్యేదాకా తాళంచెవి ఇచ్చేస్తే మంచిదన్నాడు ఛైర్మన్. గుత్తిలోంచి దాన్ని తియ్యడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. గోళ్లు మొద్దుబారి రింగు తెరుచుకోలేదు. ఎవరూ సాయం చేయలేదు. నేను ఎదురుగానే ఉన్నాను, నేనూ చేయలేదు.

ఆ చలికాలం వర్క్‌షాపు తెరుచుకోలేదు. విచారణ ఎవరూ మొదలుపెట్టలేదు. నాకు మాత్రం విజిటర్ మగ్గులోనే టీ వచ్చింది.

మార్చిలో ఒక ఆదివారం, అప్పటికి ఊరు చేరిన మా అత్తగారు ఫోన్ చేశారు. మా ఆవిడతో మాట్లాడటం అయ్యాక ఫోన్ నాకిమ్మన్నారు.

"అల్లుడా, ఆ ఇత్తడి గొట్టాలు మళ్ల నల్లవడ్డయా?"

"ఏ గొట్టాలు, అత్తమ్మా?"

"గవే, వాషింగ్ మిషను మీద డబ్బల వెట్టి పోయినవు గద. మూతులకాడ నీలం మరకలు. పండుగకు దీపాలు తోముకుంట, గవి గూడ చింతపండుల నానవెట్టిన. రెండు దినాలు నానితెగాని మరక పోలే. లోపట గూడ పుల్లకు బట్ట సుట్టి తోమిన. చింతపండంత దానికే అయిపాయె."

నేను డైరీ తీసి ఆ వారం పేజీ వెతికాను.

"బంగారం లెక్క చేసి పెడితె నువ్వొక్క మాటన్న అనకపోతివి" అన్నారామె. ఐదు నెలలుగా ఆ మాట ఆమె మనసులోనే పెట్టుకున్నారు.

మా ఆవిడ పక్కనే ఉండి అంతా విన్నది. ఈసారి నవ్వలేదు. "ఆ ముసలాయన ఇల్లు ఎక్కడ?" అని మాత్రం అడిగింది.

కేసుల డబ్బా పట్టుకుని ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. గుమ్మంలో నిలబెట్టే విన్నాడు. చింతపండు అన్న మాటకు ఆగాడు.

"టామరిండా? బ్రౌన్ సాసులో వేస్తారే, అదేనా?"

"అదే."

"మా ఆవిడ తలుపుల ఇత్తడి పిడుల్ని బ్రౌన్ సాసుతో తుడిచేది. బేకన్ మీద వేసుకోవడానికి మిగిల్చేది కాదు."

లోపలికి రమ్మన్నాడు. ఒక కేసు అడిగి తీసుకున్నాడు. పట్టకారుతో దాని మెడను కొద్దిగా నొక్కి వదిలాడు. లోపలికి పోయి మళ్లీ గుండ్రంగా వచ్చింది. పగల్లేదు. నాకూ ఇచ్చి నొక్కమన్నాడు.

"మంట తగలనిది ఇలా తిరిగి రాదు, చీలుతుంది. నీలం పైపై రంగు. పులుపులో నానితే పోతుంది, ఇత్తడి ఎర్రబడుతుంది. మెడ లోపల మసి కూడా తోమేశారు కాబట్టి బుల్లెట్‌ను ఒకటి బిగించి పట్టుకుంది, ఒకటి వదులుగా పట్టుకుంది. అందుకే చెల్లాచెదురయ్యాయి."

"ఇది మీటింగ్‌లో చేసి చూపించి ఉంటే?" అన్నాను. నిజంగానే కోపం వచ్చింది. ఒక పట్టకారు, ఒక్క నిమిషం. అంత మాత్రం చేయకుండా తాళంచెవి ఎందుకిచ్చేసినట్టు?

"నువ్వు అడిగి ఉంటే చూపించేవాణ్ని. నువ్వు అడగలేదు, రాశావు."

పట్టకారు డ్రాయర్‌లో పెట్టి, "రాసే పంపించు" అన్నాడు.

రాశాను. ఈసారి ఒక పేజీయే. కమిటీ దాన్ని తీసుకుని, మినిట్స్‌లో 'ఫిర్యాదుదారు ఇంటివాళ్ల పొరపాటు వల్ల కలిగిన అపార్థం' అని రాసింది. అది తప్పని తిప్పి పంపాను. దీపాలతో పాటు ఇత్తడి తోమిన మనిషిది పొరపాటు కాదు. డబ్బా తెరవమన్నప్పుడు తెరవనిదీ, ఇంట్లో ఎవరినీ అడగనిదీ, నాలుగు పేజీలు రాసిందీ నేను. 'ఫిర్యాదుదారు పొరపాటు' అని రాయమన్నాను. మాటల దగ్గర ఇంత పట్టుదల అక్కర్లేదని సెక్రటరీ ఈమెయిల్ పంపాడు. మూడోసారి కూడా తిప్పి పంపాక మార్చారు. ఆ కాపీ నా దగ్గర ఉంది.

తాళంచెవి ఆయనకు తిరిగి ఇచ్చారు. మళ్లీ పదింటికి వర్క్‌షాపు తెరుచుకుంటోంది. నేను మంట చిమ్మే గ్యాస్ టార్చి కొనుక్కుని, ముందు పాత కేసుల మీద చేయి అలవాటు చేసుకుని, నా కేసుల మెడలు నేనే కాల్చుకుంటున్నాను. నీలి మరకల్ని తోమను. ఆ వంద కేసులూ రెండు మూడుసార్లు పేలి లోపల మసి పట్టాక మళ్లీ బొట్టుబిళ్ల దగ్గరికి వచ్చాయి.

అలా వచ్చిన రోజు కాగితం పట్టుకెళ్లి ఆయనకు చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు.

"బాగా కాల్చారు, సర్" అని కాగితం తిరిగిచ్చాడు.