చాచా పనిముట్లు మా ఇంట్లో ఉన్న పది నెలలు

మా పక్కింటి చాచా పోయాడన్న సంగతి మసీదు మైకులో విన్నాను. పొద్దున చపాతీ పిండి కలుపుతున్నాను. "డ్రైవర్ సాబ్" అన్న రెండు మాటలు చెవిన పడ్డాయి. మిగతాదంతా ఉర్దూలో ఉన్నా అర్థం కాకపోలేదు. పిండి చేతులతోనే మా రెండిళ్ల మధ్య గోడ దగ్గరికి పరుగెత్తాను. అవతల చాచీ ఏడవడం లేదు. వచ్చేవాళ్లు కూర్చోవడానికి చోటు కావాలని, వాకిట్లో ఆనించి ఉన్న చెక్కలను ఒక్కొక్కటే పక్కకు జరుపుతోంది.

"అయిపోయింది బేటీ" అంది నన్ను చూసి. మళ్లీ చెక్కల వైపు తిరిగింది.

నెలన్నర అవుతోంది. ఆయన గురించి రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. ఆయన మంచితనం ఒక్కటే రాస్తే సగమే రాసినట్టు అవుతుంది. నేను చేసింది కూడా చెప్పాలి.

నారాయణఖేడ్‌లో చాలామందికి ఆయన బీదర్ బస్సు డ్రైవర్‌గా తెలుసు. రిటైరయ్యాక ఇంటి వెనక నాలుగు రేకులు వేసుకుని చెక్కపని మొదలుపెట్టాడు. వడ్రంగి కాదు, ఎవరికీ అమ్మలేదు. ఈ వయసులో ఇదేం పని అని అడిగితే, "ముప్పై ఏండ్లు గుండ్రంగ తిప్పిన. ఇగ సక్కగ గీత మీద పోవాలె" అని రంపం చూపించి నవ్వేవాడు. మొదటి ఏడాది ఆయన చేసిన పీటలన్నీ ఒక పక్కకు ఒరిగేవి. మా ఇంట్లో ఒకటి ఇప్పటికీ ఉంది. దాని కాలి కింద అట్టముక్క పెట్టుకుని కూర్చుంటాను.

పనిముట్లు కొనడంలో మాత్రం ఆయనకు మొదటినుంచీ తొందర లేదు. ఒకసారి తలుపు గడియ కోసం హార్డ్‌వేర్ షాపుకు వెళ్తే అక్కడ కనిపించాడు. రంపాన్ని కొద్దిగా వంచి, గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. పక్కన ఇంకో ఆరు రంపాలు పరిచి ఉన్నాయి.

"ఏంది సాబ్, రంపం కొంటున్నవా, సితార్ కొంటున్నవా?" అన్నాడు షాపు సేటు.

"సితార్ కొంటె నువ్వు పాడుతవేమోనని భయం. గందుకే రంపం" అన్నాడు చాచా. ఆ రోజు ఒక్కటీ కొనకుండానే వచ్చేశాడు.

చెక్కను నున్నగా చేసే రందాను కల్హేర్ అంగడిలో పాత ఇనుము అమ్మే మనిషి గోనె మీద చూసి తెచ్చుకున్నాడు. దాని అడుగున స్టీలు స్కేలు నిలబెట్టి, ఎండకు ఎత్తి, మధ్యలోంచి వెలుతురు రావడం లేదని నాకూ చూపించాడు. "ఎలుగు కనవడితె అడుగు వంకరున్నట్టు. ఎంత మెరిసినా కొనొద్దు" అన్నాడు. ఇంట్లో చిన్నాచితకా పనికి ఏం కొనాలని ఎవరైనా అడిగితే ఆయన జవాబు ఒకటే. "ఒక రంపం, ఒక రందా, రెండు ఉలులు, సుత్తె, మూల కొలిచే గుణియా. గవి అరిగినంక రా, మిగిలినయి చెప్త. సెట్టు కొంటె సగం సామాను డబ్బాల్నే ముసలిదైతది."

చాచీ ఖురాన్ చదువుకునేందుకు ఆయన ఒక రేహల్ చేశాడు. పుస్తకం పెట్టుకునే మడత పీట అది. ఒక్కటే పలక. మేకు లేదు, జిగురు లేదు. పలక మందాన్ని రెండు కొసల నుంచి మధ్యదాకా కోసి, మధ్యలో వేళ్లు అల్లుకున్నట్టు చెక్కితే, అది దోసిలిలా విచ్చుకుంటుంది. నేను దాన్ని తెరిచి మూసి, తెరిచి మూసి చూస్తుంటే చాచా అడిగాడు.

"నీ బైబిల్ తే బేటీ."

తెచ్చి ఇచ్చాను. అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. జానతో కొలిచాడు. "మీది దొడ్డుగున్నది. పలక గూడ దొడ్డుదే కావాలె. చేసిస్త" అన్నాడు. పాత టేకు ద్వారబంధం నుంచి ముక్క కోసి, దాని మీద గీతలు గీసి పెట్టాడు. నేను వద్దనలేదు. నాకు కావాలనే ఉండింది.

ఆ పలక సగం కోయకముందే దగ్గు మొదలైంది. సంగారెడ్డి దవాఖానలో ఫోటో తీసి, ఊపిరితిత్తులు పాడయ్యాయనీ, రంపపు పొట్టు ఇక తగలకూడదనీ చెప్పారు. చాచా వారం రోజులు షెడ్డు వైపు వెళ్లలేదు. తర్వాత ముక్కుకు దస్తీ కట్టుకుని మళ్లీ మొదలుపెట్టాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆయన నమాజుకు వెళ్లినప్పుడు చాచీ గోనెసంచి ఈడ్చుకుంటూ మా ఇంటికి వచ్చింది.

"గివన్ని నీ దగ్గర దాచిపెట్టు. అడిగితె లేవని చెప్పు."

"చాచీ, నేను అబద్ధం చెప్పలేను."

"అయితె ఏం చెప్పకు. నోరు మూసుకొని ఉండు. గంతైతె చాతనైతది గదా నీకు?" అంది. వెంటనే నా చేయి పట్టుకుంది. "ఆయన నాకు కావాలె బేటీ. పీటలు వద్దు, ఏం వద్దు. ఇయ్యనని మాట ఇయ్యి."

ఇచ్చాను. ఆమె వెళ్లాక సంచి తెరిచి, చాచా పనిముట్లు ఒక్కొక్కటే తీసి బియ్యం డబ్బా వెనక బండ మీద సర్దాను.

మర్నాడు చాచా గోడ దగ్గరికి వచ్చాడు. మాటకూ మాటకూ మధ్య ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు.

"బేటీ, ఎవరింట్లనన్న రందా ఉంటె, గట్ల బండ మీద బోర్లా పెట్టొద్దు. లోపటి కత్తి మొద్దువారుతది. పక్కకు పండవెట్టాలె."

నా ముఖం ఎర్రబడి ఉంటుంది. మా వంటింటికీ వాళ్ల ఇంటికీ గోడ ఒక్కటే. కిందటి రోజు జుమ్మా నుంచి ఆయన ఎప్పుడు తిరిగొచ్చాడో నేను చూసుకోలేదు. రందా బండకు తగిలిన చప్పుడును పోల్చుకున్నాడు. ఆయన ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయాడు.

వానలు పడ్డాక మళ్లీ వచ్చాడు. "ఇనుము ఎవరింట్ల ఉన్నా తుప్పు వడతది. గోనె తడి గుంజుతది, గండ్ల ఉంచొద్దు. పాత నూలుగుడ్డతోని జెర్ర కొబ్బరినూనె రాయాలె." గొంతు తగ్గించి, "గీ ముచ్చట చాచీకి చెప్పకు. నాకు ఎర్క లేదనుకుంటున్నది. గట్లనే అనుకోనీ" అన్నాడు.

అప్పటినుంచి ప్రతి శనివారం నూనె రాసేదాన్ని. ఆదివారం చర్చిలో మోకరించినప్పుడు చేతులకు ఆ ఇనుము వాసన ఇంకా ఉండేది. ఆయన్ను బాగు చేయమని అడిగేదాన్ని. నేను చేస్తున్నది తప్పో ఒప్పో చెప్పమని కూడా అడిగేదాన్ని. నాకు ఏమీ తెలియలేదు.

చలికాలంలో ఒక రోజు ఆయన మా వాకిలిదాకా నడిచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఊపిరి అందేదాకా గోడకు ఆనుకున్నాడు.

"రంపం ఒక్కటి ఇయ్యి. రెండు పూటల పని. నీ రేహలే మిగిలింది. పని ఎవరిదన్న సగంల ఇడిస్తె నిద్ర పడతలేదు బేటీ."

రంపం నాకు పది అడుగుల దూరంలో ఉంది. చాచీకిచ్చిన మాట గుర్తుంది. ఆయన మెడ దగ్గర చర్మం ఊపిరి తీసుకున్నప్పుడల్లా లోపలికి పోతోంది. అది చూస్తూ రంపం ఎలా ఇవ్వను? ఇవ్వకుండా ఆ కళ్లను ఎలా చూడను? ఏడ్చేశాను. చివరికి ఆయనే నన్ను ఓదార్చాడు.

"ఏడువకు. అడిగినోనిదే తప్పు. చాయ్ పెట్టు, తాగి పోత."

చాయ్ పెట్టాను. సగం తాగి వెళ్లాడు. ఆ తర్వాత మా వాకిట్లోకి రాలేదు, రాగల స్థితిలో లేడు. పొట్టు తగలకపోయినా దగ్గు తగ్గలేదు. రంపం ఇచ్చినా ఇవ్వకపోయినా ఇదే జరిగేదని కొందరు అంటారు. అలాగైతే ఆ రెండు పూటలు ఆయనకు ఎందుకు దక్కకుండా చేశానా అనిపిస్తుంది. ఇచ్చి ఉంటే ఇంకా ముందే పోయేవాడేమో అనీ అనిపిస్తుంది. ఈ రెంటి మధ్య నాకు దారి దొరకలేదు. మీలో ఎవరికైనా దొరికితే మీరు నాకంటే అదృష్టవంతులు.

పోయిన వారం పనిముట్లు తిరిగి ఇచ్చేశాను. చాచీ ఇద్దత్‌లో ఉంది, భర్త పోయాక నాలుగు నెలల పైచిలుకు ఇంటి ఆవరణ దాటకూడదు. నేనే రెండుసార్లుగా మోసుకెళ్లి షెడ్డులో ఆయన బల్ల మీద పెట్టాను. చాచీ ఒక ఉలిని చేతిలోకి తీసుకుంది. వేళ్లు జారాయి.

"నూనె ఎవరు రాసిండ్రు?"

"నేనే చాచీ."

"రాయాల్నని నీకెట్ల ఎర్క?"

ఆయన చెప్పవద్దన్నాడు. ఆమె నా ముఖంలోకే చూస్తోంది. అబద్ధం నాకు రాలేదు.

"చాచా చెప్పిండు."

"అంటె... ఎర్కేనా ఆయనకు?"

"మొదటి దినంకెల్లి."

చాచీ బల్ల అంచు పట్టుకుంది. "పది నెలలు దువాల అల్లాను మాఫీ అడిగిన బేటీ, మొగన్ని మోసం చేస్తున్ననని. పక్కల్నే పండుకున్నడు గద. నన్నొక్క మాట అనలే."

చాచీ తన తెల్ల దుపట్టా తీసి బల్ల మీద పరిచింది. ఉలిని దాని మీద పెట్టి, చెంగు మీదికి మడిచి, దాని నూనెను గుడ్డకు అద్దుకుంటూ తుడవడం మొదలుపెట్టింది. తర్వాత రెండో ఉలి. తర్వాత రంపం. తుడిచిన ప్రతిదాన్నీ పక్కన పెట్టి మరొకటి తీసుకుంటోంది. ఆ తెల్ల గుడ్డ మీద ఉలి ఆకారం, రంపం పళ్ల వరుస, ఒకదాని పక్కన ఒకటి జిడ్డుగా దిగుతున్నాయి.