తువ్వాలు కింద జీవశాస్త్రం

పులివెందుల ఎద్దుల సంతలో నేను జీవశాస్త్ర పాఠం చెప్పి మా మామ కొంప ముంచిన కథ ఇది. నవ్వొస్తే మొహమాటపడకండి. ఆ రోజు సంతంతా నవ్వింది, మీరు మాత్రం ఎందుకు తగ్గాలి?

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో నేను ప్రొద్దుటూరులో సైన్సు అయ్యవారిని. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. తలలో ఏముందో అడగకండి. ఏదో ఇంగ్లీషు పత్రికలో చదివాను: ఒంట్లో కణాలు పైపొర మీది గుర్తులతో ఒకదాన్నొకటి పోల్చుకుంటాయట. ఎదిగే నరం పోగు తడుముకుంటూ పోయి, తనకు సరిపడే గుర్తు తగిలిన చోటే అతుక్కుంటుందట. ఆ గుర్తుల్నే ఇప్పుడు రిసెప్టర్లంటున్నారు. నాకు సగమే అర్థమైంది. మిగతా సగాన్ని గొంతు పెంచి పూడ్చేవాణ్ణి.

జమ్మలమడుగు దగ్గర సేద్యం చేసే మా మామకు జత ఎద్దుల్లో ఒకటి చచ్చిపోయింది. వాన పడేలోగా జత కుదరకపోతే విత్తనం పడదు, ఏడాదంతా పస్తే. ఎత్తూ నడకా సరిచూసుకోవడానికి ఉన్న ఎద్దును కూడా సంతకు తోలుకొచ్చాడు. సెలవులు కదా అని నేనూ తోడెళ్లాను. పగ్గం నా చేతికిచ్చి, "ఈడే నిలబడు అల్లుడూ. నోరు తెరవాకు" అని చెప్పి ఎద్దుల్ని చూడబోయాడు.

సంతలో ధర నోటితో చెప్పరు. చేతుల మీద తువ్వాలు కప్పి, లోపల వేళ్లు నొక్కి చెప్పుకుంటారు; ఇద్దరూ ఒకే లెక్క నొక్కితే బేరం కుదిరినట్టే. ఇది నాకు తెలుసు, అదే నా ఖర్మ. వేంపల్లె మస్తాన్ సాయిబు వచ్చి, ఎద్దు పళ్లు చూసి, తువ్వాలు కప్పి చెయ్యి చాచాడు. అమ్మేది కాదని ఒక్క ముక్క చెబితే పోయేది. కుర్ర వెధవనైన నాకు అక్కడ చెయ్యి కనిపించలేదు, కణం కనిపించింది.

"చూడు సాయిబూ, నరం పోగు ఇట్లే తడుముకుంటా పోతాది" అంటూ నేనూ తువ్వాలు కింద చెయ్యి పెట్టి, ఆయన వేలొకటి వదిలి, ఇంకోటి పట్టి, చివరికి రెండు వేళ్లు గట్టిగా నొక్కాను. ఆయనా నొక్కాడు. "అదీ, గుర్తు కలిసింది. ఇంక లోపల పని దానంతటదే మొదలయితాది. ఎవరు తట్టినారు, ఎందుకు తట్టినారని కణం అడగదు" అన్నాను.

సాయిబు కూడా అడగలేదు. నా జేబులో దుడ్లు కుక్కి, ఎద్దును తోలుకుపోయాడు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆ సామెతను ఎద్దుల దాకా తెచ్చిన ఘనత నాదే. మామ తిరిగొచ్చి ఎద్దేదని అడిగితే, పాఠం మొదటి నుంచీ ఎత్తుకున్నాను. ఆయన సగంలోనే సాయిబు వెంట పరుగెత్తాడు.

సాయిబు మంచివాడే, కానీ సంత కట్టు సంత కట్టే. "తువ్వాలు కింద ఇచ్చిన మాట ఎనక్కి రాదప్పా. కావాల్నంటే నువ్వే మళ్లీ బేరం చేసి కొనుక్కో" అన్నాడు.

మా మామ తువ్వాలు కింద చెయ్యి పెట్టి తన ఎద్దును తానే కొనుక్కున్నాడు. నేను శానా చౌకగా ఇచ్చేశానట, సాయిబు మాత్రం సంత ధరే అడిగాడు. నా జేబులోవి పోను, జత కోసం తెచ్చిన దుడ్లన్నీ దానికే సరిపోయాయి.

ఇంటికాడ అత్త ఎదురొచ్చి జత కుదిరిందా అని అడిగింది. మామ నా వైపు చూశాడు.

"కుదిరింది. శానా సదువుకున్న ఎద్దు."

ఆ ఏడు విత్తనం పడింది. కాడికి ఒక పక్క ఎద్దు, ఇంకో పక్క నేను. రెండో చాలు దున్నేసరికే ఆ కాడి సాక్షిగా ప్రమాణం చేశాను, ఈ జన్మలో మళ్లీ తువ్వాలు ముట్టనని. ఇప్పటికీ ముఖం కడుక్కుంటే చొక్కాతోనే తుడుచుకుంటున్నాను.