పది లక్షల ఒకటి

పాలకొల్లులో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. ఆ మధ్యాహ్నం బోర్డు మీద 1000001 రాసి, అది ఎలాంటి సంఖ్యో వివరిస్తున్నాను. బేసి సంఖ్య. ఎటునుంచి చదివినా ఒకటే. తొంభై ఏడు దాకా ఉన్న ప్రధాన సంఖ్యల్లో ఏదీ దాన్ని నిశ్శేషంగా భాగించదని ముందురోజు ఇంట్లో చూసుకున్నాను. నిజానికి వెయ్యి దాకా చూడాలి. బద్ధకించి అక్కడే ఆపేశాను. "ఇది ప్రధాన సంఖ్య కూడా" అని కింద గీత గీశాను.

రెండో బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. ఆచంట వైపు పల్లె నుంచి బస్సులో వచ్చే రైతు కూతురు.

"కాదు సార్. నూట ఒకటితో భాగారం పోతుంది."

"కూర్చో."

"నూట ఒకటిని తొమ్మిది వేల తొమ్మిదివందల ఒకటితో గుణించి చూడండి సార్."

వెనక బెంచీల్లో నవ్వు వినబడింది. ఒళ్ళు మండిపోయింది. చెయ్యి చాపమని చెక్క స్కేలుతో వేళ్ళ కణుపుల మీద కొట్టాను.

"తప్పని ఒప్పుకో."

"లెక్క రైటే సార్."

మళ్ళీ కొట్టాను. స్కేలు విరిగింది. అప్పటికే మనసులో గుణించి చూసుకున్నాను. ఆమె చెప్పిందే నిజం. అది ప్రధాన సంఖ్య కాదు, సంయుక్త సంఖ్య. తెలిసి కూడా ఎడమ చెంప మీద బలంగా కొట్టాను. ఆమె తల బెంచీ అంచుకు తగిలింది. చెవిలోంచి రక్తం కారి యూనిఫాం మీద పడింది. పక్కనున్న అమ్మాయి చున్నీతో అదిమిపట్టింది.

గంటలో తండ్రి స్టాఫ్ రూముకి వచ్చాడు. కాళ్ళకి చేలో మట్టి ఇంకా తడిగానే ఉంది.

"ఏమండీ, మా అమ్మాయి చెప్పిన లెక్క తప్పా?"

"కాదండి. రైటే."

"మరెందుకు కొట్టారండి?"

అతను పిడికిలితో మూతి మీద గుద్దాడు. పన్ను ఊడి నాలుక మీదికొచ్చింది. కింద పడ్డాక డొక్కలో తన్నాడు. ఇద్దరు లెక్చరర్లు లాగినా విడిపించుకుని మళ్ళీ తన్నాడు. నేను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

ఆమె కర్ణభేరి చిరిగింది. నా ఉద్యోగం పోయింది, కేసు పెట్టారు. రెండు నెలలకి వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రి గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆమె కుడిచెవి నావైపు తిప్పి కూర్చుంది.

"నేను చెప్పింది రైటని మీకెప్పుడు తెలిసింది సార్?"

"చెంప మీద కొట్టకముందే తెలుసమ్మా. అందరి ముందూ ఒప్పుకోలేక కొట్టాను."

ఆమె లేచింది.

"కోర్టులో కూడా ఇలాగే చెప్పండి సార్" అని లోపలికి వెళ్ళిపోయింది.

చెప్పాను. మా వకీలు వద్దని వారించినా, ఒక్క మాట దాచకుండా చెప్పాను. శిక్ష పడింది.