సుగుణ గారి చక్రాల పరంజా, నేను అన్న ఒక మాట

గత నెలలో ఒక మంగళవారం ఉదయం, వత్సవాయిలో మా మేనకోడలి ఇంటి నుంచి బస్సులో తిరిగి వస్తుంటే ఫోను మోగింది. "మాష్టారండీ, అమ్మ పోయిందండి" అంది మాధవి. నందిగామలో ఉద్యోగం చేసుకుంటున్న ఆ అమ్మాయి సుగుణ గారి ఒక్కగానొక్క కూతురు. నాలుగు రోజుల జ్వరమే కదా, రేపో ఎల్లుండో ఆసుపత్రి నుంచి పంపించేస్తారని ముందురోజే సుగుణ గారు నాతో ఫోన్లో చెప్పారు. గుండె ఆగిపోతుందని ఎవరనుకుంటారు? మాధవికి ఏం సమాధానం చెప్పానో గుర్తులేదు. జగ్గయ్యపేటలో దిగవలసినవాణ్ణి, గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీల వరస కనిపించేదాకా తేరుకోలేదు. కండక్టరు తిట్టాడు, దిగాను, రోడ్డు దాటి ఇంకో బస్సు ఎక్కాను.

మూడు దశాబ్దాల పాటు మా ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించిన విదుషీమణి ఆవిడ. అదే బడిలో నేను తెలుగు పండితుణ్ణి. పాండిత్యం పేరుకు నాది, వాదనలో నెగ్గడం మాత్రం ఎప్పుడూ ఆవిడదే. అంతటి ప్రజ్ఞాశాలిని, అంతటి నిర్భయచిత్తను నా ఉద్యోగ జీవితంలో మరొకరిని చూడలేదు. ఇది సంస్మరణ వ్యాసం కాబట్టి రాస్తున్న మాట కాదు. ఆవిడ బతికుండగా ఈ మాట పైకి అనడానికి నాకు అహం అడ్డొచ్చింది.

కర్మకాండ ముగిశాక పాఠశాలలో సంతాప సభ పెట్టారు. ఒక వక్త ఆవిడను పొగిడి పొగిడి చివర్లో, "సుగుణ గారిది కాస్త మొండిపట్టండి. ఆ పట్టుతోనే చూసుకోకుండా పరంజా ఎక్కి కాలు విరగ్గొట్టుకున్నారు, చివరిదాకా కుంటుతూనే నడిచారు" అన్నాడు. సభలో కొందరు ఆప్యాయంగా నవ్వారు. వేదిక మీద కూర్చున్న నేను తల ఊపాను. ఆ తల ఊపినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ కాలు విరగడంలో ఆవిడ తప్పు లేదు. తప్పెవరిదో నాకు తెలుసు. ఏడేళ్లుగా తెలుసు. ఈ వ్యాసం దాని కోసమే రాస్తున్నాను.

ముందు ఆవిడ స్వభావం చెప్పాలి. "తోసి చూడండి" అన్నది ఆవిడ ఊతపదం. తరగతిలో బల్ల స్థిరంగా ఉందని ఏ పిల్ల అన్నా, "చెప్పకు, తోసి చూడు" అనేవారు. స్టాఫ్ రూముకి కొత్త కుర్చీలు వచ్చినప్పుడు, హెడ్మాస్టరు గారు కూర్చోబోతుంటే ఆపి, కుర్చీని నాలుగు వైపులా తోసి, "ఇప్పుడు కూర్చోండి" అన్నారు. హెడ్మాస్టరు గారు కూర్చున్నారు గానీ ఆ వారమంతా ఆవిడతో సరిగా మాట్లాడలేదు.

పదవీ విరమణ తర్వాత ఆవిడకు తన ఇంటి హాలు మీద దృష్టి పడింది. పాతకాలపు ఎత్తు కప్పు, సున్నం పెచ్చులుగా రాలుతోంది. రంగులవాళ్లు వచ్చి బల్ల మీద బల్ల, దాని మీద నిచ్చెన పెట్టి ఎక్కబోతే ఆవిడ వాళ్లను కాఫీ ఇచ్చి పంపేశారు. "నా ఇంట్లో ఎవడూ పడి చావడానికి వీల్లేదు మాష్టారూ. నేనే వేసుకుంటా" అన్నారు. ఆ మర్నాడే నన్ను వెంటబెట్టుకుని నందిగామలో ఒక ఇనప సామాను దుకాణానికి తీసుకెళ్లారు.

అక్కడ ఆవిడ చూసింది చక్రాల పరంజా. రెండు పక్కలా నిచ్చెనల్లాంటి చట్రాలు, వాటిని కలుపుతూ గుణకారం గుర్తులా అడ్డ కడ్డీలు, పైన నిలబడటానికి రేకు పలక, దాని చుట్టూ నడుమెత్తు కడ్డీ, అడుగున నాలుగు చక్రాలు. ఒక్కో చక్రానికీ కాలితో తొక్కితే బిగిసే బ్రేకు. "ఇంట్లోకి ఇదెందుకమ్మా, నిచ్చెన చాలదా?" అన్నాడు దుకాణదారు. "నిచ్చెనెక్కితే ఒక చెయ్యి పనికి, ఒక చెయ్యి ప్రాణానికి పోద్దయ్యా. నాకు రెండు చేతులూ పనికి కావాలి" అన్నారావిడ. తర్వాత నాలుగు చక్రాలూ తిప్పి, నాలుగు బ్రేకులూ తొక్కి, "మీరెక్కండి, నేను తోస్తా" అన్నారు. అతను నవ్వి ఎక్కాడు. ఆవిడ నవ్వకుండా తోశారు. ఒక చక్రం బ్రేకు జారింది, పరంజా గిర్రున పక్కకు తిరిగింది, అతను కడ్డీ పట్టుకుని వేలాడాడు. ఆ చక్రం మార్చి, మళ్లీ ఎక్కి నిలబడి, మళ్లీ తోయించుకుంటే గానీ బేరం కుదరలేదు.

ఇంటికి తెచ్చాక ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే. పైన మనిషి ఉండగా పరంజాను అంగుళం కూడా జరపకూడదు. దిగాలి, బ్రేకులు తీయాలి, తోయాలి, బ్రేకులు వేయాలి, అప్పుడే ఎక్కాలి. పైపని ఆవిడది, చక్రాల పని నాది. ఆవిడ "వేసారా?" అంటే నేను "వేసా" అనాలి. బ్రేకులు తీసినప్పుడు "తీసా" అనాలి. కృష్ణా జిల్లా వాళ్లం, "వేశాను", "తీశాను" అని సాగదీసి పలికే అలవాటు మాకు లేదు. పండితుణ్ణయినా నా నోట్లోనూ అంతే. ఆ రెండు మాటలకూ మధ్య ఉన్నది ఒక్క అక్షరం తేడా. ఆ సంగతి ఆవిడకూ తట్టలేదు, జీవితమంతా అక్షరాలు దిద్దిన నాకూ తట్టలేదు.

కాలు విరిగిన రోజు ఉదయం మా పాత సహోద్యోగులు ఇద్దరు చూడ్డానికి వచ్చారు. వాళ్ల ముందు నేను నా పాండిత్యం ఒలకబోశాను. బ్రేకు అనడం మన భాషకు అవమానమనీ, ఇకమీదట 'చక్రబంధం' అందామనీ ప్రతిపాదించాను. సుగుణ గారు రంగు వేసే రోలరు పక్కన పెట్టి, "చక్రబంధం అనేలోపు చక్రం వీధిలో ఉంటది మాష్టారూ. దాన్ని కాలితో తొక్కండి, నోటితో కాదు" అన్నారు. వచ్చినవాళ్లు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వినట్టు నటించాను. నాకు మండిపోయింది. వాళ్లు వెళ్లాక కూడా మంట చల్లారలేదు, ఆవిడతో ముక్తసరిగా మాట్లాడుతూ ఉండిపోయాను.

కాసేపటికి ఆవిడ దిగి మంచినీళ్లకు వంటింట్లోకి వెళ్లారు. పరంజాను కిటికీ వైపు జరపాలి. నేను నాలుగు బ్రేకులూ తీసి, ఆవిడ వచ్చి ఒక చెయ్యి వేస్తారని, "తీసా" అని కేకేశాను. పక్కింట్లో గచ్చు అరగదీసే మిషను హోరెత్తిపోతోంది. ఆవిడకు "వేసా" అని వినపడింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, నేనే జరిపి బ్రేకులు బిగించాననుకుని చట్రం మీద కాలు పెట్టారు.

ఇక్కడి వరకూ అది ఒక మాట చేసిన పొరపాటు. ఇక్కడ ఆగిపోయి ఉంటే ఈ వ్యాసంలో నేను పోయినావిడ గుణగణాలు మాత్రమే రాసి ఊరుకునేవాణ్ణి. కానీ నేను చూశాను. ఆవిడ మొదటి మెట్టు ఎక్కడం చూశాను. రెండోది చూశాను. బ్రేకులు లేవని నాకు తెలుసు. "ఆగండి" అన్న మూడక్షరాలు చాలు. నోరు తెరవలేదు. 'అన్నీ తెలిసినావిడ కదా, ఇది మాత్రం చూసుకోదా' అనుకున్నాను. ఇంకా సిగ్గు విడిచి చెప్పాలంటే, పరంజా కాస్త కదిలితే ఆవిడ హడలి దిగిపోతారనీ, అప్పుడు నేనూ ఒక మాట అనవచ్చుననీ అనుకున్నాను. ఒక్క మాట తిరిగి అప్పజెప్పాలన్న కోరిక, అంతే.

ఆవిడ ఒక కాలు మెట్టు మీద ఉంచి రెండో కాలు పలక మీద మోపబోయారు. పరంజా ఆవిడ కింద నుంచి తప్పుకుంది. నేను పరుగెత్తాను గానీ అందలేదు. రంగు డబ్బా గచ్చు మీద దొర్లుతూ పోయింది. ఆవిడ కుడి చీలమండ పట్టుకుని పళ్లు బిగించి కూర్చున్నారు.

నందిగామ ఆసుపత్రిలో డాక్టరు అడిగితే, "చూసుకోకుండా ఎక్కా. నా తప్పే" అన్నారు. మాధవి అడిగినా అదే, పరామర్శకు వచ్చినవాళ్లందరికీ అదే. నేను బత్తాయిల సంచీ పట్టుకుని మంచం కాళ్ల వైపు నిలబడి, ఆ మాట విన్నప్పుడల్లా నేల చూశాను. ఊరంతా అదే నమ్మింది. రెండుసార్లు ఆపరేషను చేసినా ఆ కాలు మునుపటిలా కాలేదు.

ఆర్నెల్ల తర్వాత చేతికర్రతో మా ఇంటికి వచ్చారు. "హాలు సగంలో ఆగింది మాష్టారూ. రేపు రండి. చక్రాల దగ్గర మీరే ఉండాలి."

"సుగుణ గారూ, ఆ రోజు నేను..." అన్నాను.

"ఆ రోజు మాట తప్పు వినపడింది. మాట మార్చాలి" అని అడ్డుకున్నారు. "మీరు పండితులు కదా, ఒకదానితో ఒకటి కలవని మాటలు చెప్పండి."

నేను ఆలోచించి, "స్థితం, చలితం" అన్నాను.

"మళ్లీ ప్రాసే కదండీ" అని నవ్వారు. తర్వాత తనే తేల్చారు. బ్రేకు తీసినప్పుడు అసలు ఏ మాటా అనకూడదు. వేసినప్పుడు మాత్రం ఒక్కో చక్రానికీ "ఒకటి కూర్చుంది, రెండు కూర్చుంది" అని నాలుగుసార్లు కేకేయాలి. నాలుగూ వినపడితే "ఎక్కుతున్నా" అని ఎక్కాలి. ఒక్కటి వినపడకపోయినా నేల మీదే ఉండాలి. ఈ పద్ధతి మా పేటలో రంగులవాళ్లు నేర్చుకున్నారు. మొదట్లో నవ్వినవాళ్లే ఇప్పుడు నాలుగు చక్రాలూ కూర్చోనిదే ఎక్కరు.

ఆ పరంజాను అడిగిన వాళ్లందరికీ ఊరికే ఇచ్చేవారు, ఒక్క షరతు మీద. దానితో పాటు నేనూ వెళ్లాలి. చందర్లపాడులో ఒక మాష్టారి ఇంటికి అలాగే వెళ్లాను. ఆయన పైనుంచి, "దిగి ఎక్కడం ఎందుకండీ, నేనిక్కడే ఉంటా, కొంచెం ఇటు నెట్టండి" అన్నాడు. నేను వేసిన కేకకు వీధిలో వాళ్లు గుమ్మంలోకి వచ్చారు. ఆయన గబగబా దిగి, "అంత కోపమేంటండీ, ఏమన్నానని?" అని నొచ్చుకున్నాడు. నేను వంగి నాలుగు బ్రేకులూ మళ్లీ తొక్కి చూశాను. తిరిగొచ్చి చెబితే సుగుణ గారు విని, నా గ్లాసులో ఇంకొంచెం కాఫీ పోశారు.

ఆవిడకు ఏమీ తెలియదనే నేను ఏడేళ్లూ అనుకున్నాను. మాట తప్పు వినపడిందనే ఆవిడ లెక్క అనీ, నేను చూస్తూ ఊరుకున్న సంగతి నాతోనే పోతుందనీ ధైర్యంగా ఉన్నాను. సంతాప సభలో తల ఊపాక ఆ ధైర్యం నన్ను తినేసింది. మర్నాడే నందిగామ వెళ్లాను. ఈ వ్యాసం అచ్చు కావడానికి ముందు మాధవికి చెప్పడం ధర్మం. విరిగింది వాళ్లమ్మ కాలు.

చెప్పాను. ఏమీ దాచుకోకుండా చెప్పాను.

"తెలుసండి" అంది మాధవి. "అమ్మ ఆసుపత్రిలోనే చెప్పింది. రెండో మెట్టు మీద ఉండగా మీవైపు చూసిందట. మీరు చూస్తున్నారట. మాష్టారు చూస్తున్నారు కదా, తేడా ఉంటే చెప్తారులే అనుకుని పైకెక్కిందట."

ప్రతి కుర్చీనీ తోసి చూసిన మనిషి, ఆ ఒక్కసారి మాత్రం నా మొహం చూసి ఎక్కారు.

"నాకు మీమీద చాలా కోపం వచ్చిందండి మాష్టారూ, దాచిపెట్టను" అంది మాధవి. "మళ్లీ మిమ్మల్నే పిలుస్తుంటే అమ్మతో గొడవపడ్డా. అంత చేసిన మనిషినే చక్రాల దగ్గర పెట్టుకుంటావేంటే అన్నా. అప్పుడు అమ్మ ఏమందో తెలుసా? 'ఒకసారి చూస్తూ నోరు మూసుకున్నారు. ఇంక జన్మలో మూసుకోరు. ఆయన కన్నా గట్టి కాపలా ఈ ఊళ్లో నాకు దొరకదే' అంది."

సుగుణ గారికి నివాళి అర్పించే అర్హత నాకు లేదు. అయినా చేతులు జోడిస్తున్నాను. విదుషులు మళ్లీ పుడతారు, మంచి ఉపాధ్యాయులూ వస్తారు. నా నీచత్వం కళ్లారా చూసి, ఆ తర్వాత కూడా తన ప్రాణం నా చేతిలో పెట్టిన మనిషి ఆవిడ ఒక్కరే. మిగిలిన వాళ్లంతా నన్ను తెలియక నమ్మారు. ఇది చదివాక ఇక వాళ్ల ఇష్టం.