లోతు పెట్టె ప్రమోద

జంగ్లీఘాట్ చేపల రేవులో మా వెనక వీధి ప్రమోదను అందరూ లోతు పెట్టె ప్రమోద అంటారు. పాలిటెక్నిక్‌లో చదివి, సముద్రం లోతు చూపించే పెట్టెలు బాగుచేస్తుంది. అవెలా పనిచేస్తాయో విసిగించి మరీ తెలుసుకున్నాను. బోటు అడుగున గుండ్రటి బిళ్ల ఉంటుంది. అది నీళ్లలోకి శబ్దం వదలగానే పెట్టెలో గడియారంలా టిక్కుల లెక్క మొదలు. శబ్దం నేలకు తగిలి తిరిగి రాగానే ఆగుతుంది. ఈలోపు పడిన టిక్కులను బట్టి లోతు. రెప్పపాటులో వేల టిక్కులంటే నమ్మడానికి నాకు రెండు టీలు పట్టింది.

వానలు తగ్గి బోటు యజమాని గవరయ్య కొత్త బోటు దింపిన రోజు నుంచీ అందులోని పెట్టె జెట్టీ పక్కనా, నడి సముద్రంలోనా ఒకటే లోతు చూపించేది. నేలదాకా పోని ఏదో దొంగ శబ్దం ముందే తిరిగొచ్చి లెక్క ఆపేస్తోందని ప్రమోద చెప్పింది. పెట్టెను విప్పి తెచ్చి, తన దగ్గరున్న వేరే బిళ్ల తగిలించి జెట్టీ మీంచి దింపి చూస్తే లెక్క సరిగ్గానే ఉంది. మళ్లీ బోటులో బిగిస్తే అదే వరస. ఒడ్డుకు లాగి అడుగు చూద్దామంటే గవరయ్య వినడే.

"నీ సేతిలో బాగానే ఉంటది, నా బోటెక్కితే పాగల్ అయిపోద్దా? ఆదివారం దాకా సూస్తాను. ఆనక వేరే మిస్త్రీ" అన్నాడు. రేవులో మిగతా బోట్లవాళ్లు ఆయన ఏమంటే అదే. ప్రమోద పని మొత్తం పోయినట్టే. ఆ కోపంలో మా ఇంట్లో పెట్టిన అన్నం కూడా ముట్టలేదు.

శనివారం ప్రొపెల్లర్‌కు వల చుట్టుకుని బోటును ఒడ్డుకు లాగారు. ప్రమోద పరిగెత్తింది, వెనకే నేను. అడుగున బిళ్ల కనిపించదు. పైన దట్టంగా ఎర్ర రంగు, దాని మీద పసుపు.

"అదొక్కటీ బోసిగా ఉంటే నానే ఏయించాను. గంగమ్మలోకి దిగే బోటుకు బోసి ఉండకూడదు" అంది గవరయ్య భార్య కామమ్మ.

"ఆ రంగుకే శబ్దం తగిలి లెక్క ఆగిపోతోంది పిన్నీ. పది రోజులుగా నన్ను తిడుతున్నారు" అంది ప్రమోద.

గవరయ్య ఒక చెక్కముక్క తీసి ప్రమోద చేతికిచ్చాడు. దాంతో ఆమె రంగు గీకుతుంటే, కామమ్మ పసుపు గిన్నె పట్టుకుని ఒక్క బొట్టయినా పెట్టనిమ్మని పక్కనే నిలబడింది.

"పక్కన చెక్క మీద పెట్టుకో పిన్నీ" అంటూ, బోటు నీళ్లలోకి జారేదాకా ప్రమోద ఆ బిళ్ల మీద అరచెయ్యి తియ్యలేదు.