పొయ్యి చుట్టూ పత్తి

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పత్తి కుప్ప కాలితే నిప్పు ఎలా అంటుకుందని ఎవరూ అడిగేవారు కాదు, ఎవరు పెట్టారనే అడిగేవారు. ఎనభైల నాటి మాట. నరసరావుపేట దగ్గర పల్లెటూరు మాది. ఊళ్ళో రెండు పార్టీలు. కోడి తప్పిపోయినా, బావిలో చేద తెగిపడినా అవతలి పార్టీ వాళ్ళ పనేనని మావాళ్ళూ, మా పనేనని వాళ్ళూ గట్టిగా నమ్మేవారు. మా నాయనమ్మకు మాత్రం అందరి మీదా అనుమానమే. అందులో మావాళ్ళు కూడా ఉండేవారు.

పత్తి తీసే రోజుల్లో ఇంటిల్లిపాదీ చేలోనే గడిపేవాళ్ళం. అక్కడ వండుకోవడానికని మా నాన్న పేట నుంచి ఒక రేకు పొయ్యి తెచ్చాడు. నూనె డబ్బా కత్తిరించి చేసింది, అడుగున చుట్టూ బెజ్జాలు. మట్టి పొయ్యి వేసిన చోటే ఉంటుంది. ఇదైతే నేను కూడా ఒంటి చేత్తో ఎత్తుకుని చేనంతా తిప్పగలిగేంత తేలిక. ఏరి కోరి తెచ్చానని మా నాన్న దాన్ని పైకెత్తి మరీ అందరికీ చూపించేవాడు.

ఒక మధ్యాహ్నం ఆ పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. మేమంతా చేను ఆ చివర పత్తి తీస్తున్నాం. తలెత్తి చూసేసరికి గుడిసె పక్కనున్న కుప్ప మండిపోతోంది. అందరికంటే ముందు నీళ్ళ బిందెతో పరుగెత్తుకొచ్చింది పక్క చేను పెదనాన్న. పిలుపే గాని ఆయన మాకు చుట్టం కాదు. పైగా అవతలి పార్టీ మనిషి, గట్టు తగాదా కూడా ఉంది. నాకు మాత్రం ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన పెదనాన్నే. కనిపిస్తే చాలు, దోసెడు రేగుపళ్ళు పెట్టేవాడు. మంట ఆరాక, మిగిలింది బూడిదేనని తేలాక, ఎవరూ అడగకుండానే ఆయన, "నేను పొద్దుటి నుంచీ చుట్టే ముట్టలేదబ్బాయా" అన్నాడు.

ఆ ఒక్క మాట చాలింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని మా బాబాయి తేల్చేశాడు. బిందె అంత సిద్ధంగా ఎలా ఉందని నాన్న అడిగాడు. అప్పటిదాకా తీసిన పంటంతా పోయిన కడుపుమంట వాళ్ళది. వకీలును చూసి కేసు పెడదామని నాన్న అంటే, "కేసెందుకు, ఆయన కుప్ప మాత్రం చేలో లేదా ఏంది?" అన్నాడు బాబాయి. ఇక ఆయన్ని పెదనాన్న అని పిలవొద్దన్నారు నన్ను. ఏడుపొచ్చింది. అయితే ఆ రాత్రికి నాకూ అనుమానం పట్టుకుంది, అన్నేసి రేగుపళ్ళు ఊరికే ఎందుకు పెట్టేవాడా అని.

నాయనమ్మ మాత్రం బూడిద దగ్గరికి వెళ్ళి, వంకర తిరిగిన పొయ్యిని తిరగేసి, బెజ్జాల్లో వేలు పెట్టి చూసింది. కొంగు పైకి పట్టుకుని గాలి ఎటు వీస్తోందో చూసింది. మర్నాడు నాన్న, బాబాయి వకీలు దగ్గరికి బయల్దేరుతుంటే, మిగిలిన పత్తి తీతకు పొయ్యి కావాలి, నేనూ వస్తానంది. నన్నూ వెంటబెట్టుకుంది. చంకలో నిరుటి పత్తికట్టెల మోపు, కొంగున ఏదో మూట. అదేమిటని అడిగితే నా నెత్తిన మొట్టింది.

పేటలో దిగాక, ముందు పొయ్యి, తర్వాతే వకీలు అంది. మా నాన్న కొన్న కొట్టుకే తీసుకెళ్ళమంది. రేకు సామాన్లు చేసే భాయి నాన్నను గుర్తుపట్టి, అలాంటి పొయ్యే తీసి, గోడ వారగా పెట్టి, చెక్కముక్కలతో వెలిగించి చూపించబోయాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు. తన కట్టెలే పెట్టాలంది. గోడ వారన కాదు, గాలి తగిలేలా బజారు మధ్యన పెట్టాలంది. అప్పుడు కొంగున మూట విప్పింది. అందులో ఉన్నది పత్తి. దాన్ని పింజలు పింజలుగా విడదీసి పొయ్యి చుట్టూ పరిచింది. దారిన పోయేవాళ్ళు ఆగి నవ్వుతుంటే నాన్నకు తల కొట్టేసినట్టయింది.

భాయికి కోపమొచ్చింది. "ఏంది పెద్దమ్మా, నా మీద అనుమానమా?"

"నీ మీద కాదు నాయనా, పొయ్యి మీద. దానికి రోషం రాదుగా."

పొయ్యి చక్కగా మండింది. గిన్నెలో నీళ్ళు కాగాయి, పత్తి తెల్లగా అలాగే ఉంది. చూశావా అన్నట్టు నాన్న నాయనమ్మ వైపు చూశాడు. నాకూ ఆవిడ మీద జాలేసింది. ఆవిడ మాత్రం మఠం వేసుకుని కదలకుండా కూర్చుంది. కొంతసేపటికి గాలి గట్టిగా వీచింది. లోపల కట్టె ఒకటి చిటపటమంది. ఒక బెజ్జంలో నుంచి చిన్న నిప్పురవ్వ వచ్చి పత్తి మీద పడింది. ముందు నల్లటి చుక్క, ఆ వెంటనే మంట. బాబాయే ముందుకు దూకి చెప్పుకాలితో తొక్కేశాడు.

నల్లబడ్డ పత్తి వంక చూస్తూ నాన్న గొణిగాడు, "అయితే మాత్రం, ఆయన కాదని ఎట్టా చెప్తావమ్మా?"

"ఆయనే అని నువ్వెట్టా చెప్పావురా?" అంది నాయనమ్మ.

చేలోకని ముందే చెబితే ఇది ఇచ్చేవాణ్ణే కాదని, ఇది వాకిట్లో గోడ చాటున పెట్టుకునేదని భాయి నొచ్చుకున్నాడు. అప్పటికప్పుడు కూర్చుని ఇంకొకటి చేశాడు. చుట్టూ బెజ్జాల్లేవు, కట్టె పెట్టడానికి ముందు ఒక్కటే నోరు, అడుగున అంచున్న పళ్ళెం. కాస్త బరువు పెరిగినా చంకన పెట్టుకోవచ్చు. నాయనమ్మ దాన్నీ నమ్మలేదు, మిగిలిన పత్తి దాని చుట్టూ పరిచి చూశాకే కొననిచ్చింది. దాన్ని నాన్నే ఇంటిదాకా మోశాడు. వకీలు ఊసు ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు చేలో ఆ పొయ్యి మీద గోంగూర పప్పు వండి, అన్నంలో కలిపి, గిన్నెలో పెట్టి, పెదనాన్నకు ఇచ్చి రమ్మని నాయనమ్మ నన్ను గట్టు దాటించింది. ఆయన మూత తీసి వాసన చూశాడు. మా చేను వైపు చూశాడు. "మీ బాబాయికి తెలిసే పంపారా అమ్మాయ్?" అన్నాడు. తర్వాత గిన్నె నా వైపు జరిపి, "ముందు నువ్వో ముద్ద తిను" అన్నాడు.

తిన్నాను. మింగేదాకా నా గొంతు వంకే చూసి, అప్పుడు కూర్చుని గిన్నె మొత్తం ఖాళీ చేశాడు. ఉప్పు చాల్లేదని మీ నాయనమ్మకు చెప్పమంటూ కడిగిన గిన్నె నిండా రేగుపళ్ళు పోశాడు. అయినా నాకు ఉక్రోషం ఆగలేదు. నన్నే అనుమానించాడని నాయనమ్మకు చెప్పి ఏడ్చాను. ఆవిడ నవ్వేసింది. "అడిగి తిన్నాడుగా పిచ్చిదానా. మనసులో పెట్టుకుని పారబోయలేదుగా" అని ఒక రేగుపండు నోట్లో వేసుకుంది.

ఇప్పుడు నేను నాయనమ్మ అప్పటి వయసుకు దగ్గరపడ్డాను. అనుమానం పోలేదు, పుట్టిన గడ్డ అలాంటిది మరి. ఇంట్లో ఏదైనా కనబడకపోతే పనమ్మాయి మీదికో, పక్కింటివాళ్ళ మీదికో మనసు ఇట్టే పరుగెడుతుంది. నోటిదాకా వచ్చిన మాటను ఆపుకుని, ముందు మా పొయ్యినే వెలిగించి, చుట్టూ పత్తి పరిచి చూసుకుంటాను. చాలాసార్లు రవ్వ అందులో నుంచే పడుతుంది.